ఫిర్యాదుల్లేని మండలం

గుండ్రాళ్ళ మండలం నుంచి నూటపది రోజులుగా ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

ఆ సంగతి ప్రయోగశాల గోడ మీదున్న పెద్ద పటమే చెబుతోంది. రాష్ట్రంలో ఎక్కడ జనం కోపంగా ఉంటే అక్కడ ఎర్రబడే పటం అది. నాలుగు నెలల కిందటి వరకు గుండ్రాళ్ళ దగ్గర కుంకుమ ఒలికినట్టుండేది. ఇప్పుడు మచ్చుకైనా ఎరుపు లేదు. డైరెక్టరు విశ్వంభర్ తన చేత్తోనే అందరికీ పకోడీ పొట్లాలు పంచి, "ఈ ఘనతంతా మన డాక్టర్ సుంకులమ్మదే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సుంకులమ్మ మాత్రం పొట్లం పట్టుకుని, చేతిలో ఉన్న ఫోను వంక చూస్తూ నిలబడిపోయింది.

అంతకు కాసేపటి ముందే ఆమె తన చెల్లెలు నరసమ్మతో మాట్లాడింది. నరసమ్మ కాపురం ఆ గుండ్రాళ్ళలోనే. నలభై రోజుల కిందట ఆమెకు ఆడపిల్ల పుట్టింది. రిపోర్టుల పుణ్యమా అని సుంకులమ్మకు ఇంతవరకు చూసి రావడం కుదరలేదు.

"పిల్ల ఎట్లుంది నరసా?"

"బంగారమక్కా. పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఏడ్వలేదు. కాన్పు చేసిన నర్సు తలకిందులు చేసి పిర్ర మీద కొట్టినా కండ్లు తెరిచి చూసిందంతే."

"ఆకలేస్తే?"

"ఏమో అక్కా. నాకు యాదికొచ్చినప్పుడు పాలిస్తాండా" అని నరసమ్మ తాపీగా అన్నది.

సుంకులమ్మ ఫోను పెట్టేసింది. పిల్ల ఎందుకు ఏడవడం లేదో ఈ భూమ్మీద తెలిసిన మనిషి తనొక్కతే.

ఆమె పుట్టి పెరిగింది గుండ్రాళ్ళలోనే. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు తాగే నీళ్ళ కోసం ఊరంతా ఖాళీ బిందెలతో పెద్దరోడ్డు మీద కూర్చుంది. లాఠీలు లేచాయి. ఆమె తండ్రి పుల్లన్న మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి కన్నుమూశాడు. రాస్తారోకోలు, ఆఫీసులు తగలబెట్టడాలు, లాఠీలు, తూటాలు ఎప్పుడూ తమలాంటి ఊళ్ళకే ఎందుకు రాసిపెట్టి ఉంటాయన్న ప్రశ్న అప్పుడు పట్టుకుంది ఆమెను. ఆ ప్రశ్నే ఆమెను చదివించింది, ఈ ప్రయోగశాల దాకా లాక్కొచ్చింది.

జవాబు కూడా ఆమెకే దొరికింది. కోపాన్ని కొలిచే పట్టీ ఒకటి తయారుచేసి నగరంలో కొందరి మణికట్లకు, గుండ్రాళ్ళలో కొందరి మణికట్లకు కట్టింది. ఒకేరోజు రెండుచోట్లా నీళ్ళు రాలేదు. నగరంలో ఒక పెద్దమనిషి ఇంజనీరుకు ఫోను చేసి అరిచాడు. సాయంత్రానికి ట్యాంకరు వచ్చింది. పడుకునే వేళకు అతని పట్టీలో కోపం జాడే లేదు. గుండ్రాళ్ళలో వన్నూరమ్మ అనే కూలిమనిషి మూడుసార్లు ఆఫీసుకు వెళ్ళింది. మూడుసార్లూ గుమాస్తా తలెత్తకుండానే రేపు రమ్మన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత కూడా ఆమె పట్టీలో ముల్లు కదల్లేదు. పదో రోజున పిల్లవాడి జ్వరానికి మాత్రలు దొరకలేదు. ఆ కోపం పాత కోపం మీదకెక్కి కూర్చుంది. పేదవాళ్ళకు కోపం ఎక్కువ పుట్టదు, వినే నాథుడు లేక నిలవ ఉంటుందంతే అని సుంకులమ్మ రాసింది. వినే ఏర్పాటు చేయమని ఆమె ఉద్దేశం.

విశ్వంభర్ ఆ కాగితాలు శ్రద్ధగా చదివాడు. "నీళ్ళ పైపులు, ఆసుపత్రి, ఆఫీసర్లు... ఇవన్నీ రావడానికి తొమ్మిదేళ్ళు పడుతుందమ్మా. నిలవ ఉన్నది కరిగించేస్తే పోలా? మూడు నెలల పని" అన్నాడు. అలా పుట్టింది టవరు. చెవికి అందని సన్నని కంపనం ఒకటి చుట్టూ ఏడు ఊళ్ళకు పంపిస్తుంది. దాని కింద ఉన్న మనిషిలో ఎదురుతిరిగే గుణం ఏదైతే ఉందో అది ఎండలో మంచుగడ్డలా కరిగిపోతుంది. ఇంకే పిల్లా తనలా తండ్రిని పోగొట్టుకోకూడదనుకుంది సుంకులమ్మ. తన ఊరి గుట్ట మీదే మొదటిది పెట్టమని తనే పట్టుబట్టింది.

పసిబిడ్డ చేసే మొదటి ఫిర్యాదు ఏడుపేనని ఆమెకు తట్టలేదు. ప్రయోగశాలలో ఉన్న పదిహేడు మందిలో ఒక్కరికీ తట్టలేదు. వాళ్ళు పట్టీలన్నీ పెద్దవాళ్ళకే కట్టారు మరి.

విశ్వంభర్‌కు చెబితే ముందు రుజువులు అడుగుతాడు, పిల్లకు అంత వ్యవధి లేదనుకుంది. సెలవు చీటీ బల్ల మీద పడేసి బస్సెక్కింది. మర్నాడు పదకొండింటికి ఎండిన ఏటి మీది వంతెన వచ్చింది. టవరు పరిధి ఆ వంతెన దగ్గర మొదలవుతుంది. అవతల తన బుర్ర తన మాట వినదని ఆమెకు తెలుసు. అందుకే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుంది: 'పిల్లను బయటికి తీసుకురా. ఏమీ అనిపించకపోయినా టవరు ఆపు.' రాస్తున్నంతసేపూ ఆమె చెయ్యి వణుకుతూనే ఉంది. బస్సు వంతెన దాటింది. చెయ్యి వణకడం ఆగిపోయింది. హాయిగా కిటికీకి తల ఆనించి, ఎండ కూడా బాగానే ఉందే అనుకుంది.

ఊరి మొదట్లో ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. బిందెలన్నిటికీ దుమ్ము పట్టింది.

"ట్యాంకరు ఎప్పుడొస్తుంది?" అని అడిగింది సుంకులమ్మ.

"ఐదు దినాలాయ రాక. వస్తాదిలే" అన్నది ఒకామె ఎండిపోయిన పెదాలతో. ఆమె వన్నూరమ్మ. ఒకప్పుడు ఆఫీసు మెట్ల మీద నిలబడి గుమాస్తాను ఏడు తరాలు ఎత్తి తిట్టిన మనిషి. ఇప్పుడు ఆ మొహం కడిగిన పలకలా ఉంది.

ఆరోగ్య కేంద్రానికి తాళం వేసి ఉంది. డాక్టరు బదిలీ అయి మూడు నెలలైంది. ఇంకొకరిని పంపమని ఎవరూ అడగలేదు, కాబట్టి ఎవరూ పంపలేదు. వరండాలో మాత్రం రోగులు వరసలోనే ఉన్నారు. గోడకు ఆనుకున్న ఒక ముసలమ్మ మొహం మీద ఈగలు ముసురుతున్నాయి. పక్కనున్నతను సుంకులమ్మ చూపు గమనించి, "పెద్దమ్మ పొద్దున్నే పోయింది. నా వంతు ఆమె తర్వాత" అని మర్యాదగా చెప్పాడు.

సుంకులమ్మ సరేనని తలూపి ముందుకు నడిచింది. ఆ క్షణంలో తను అంత మామూలుగా ఎలా నడిచిందో తర్వాత ఎన్నేళ్ళు తలుచుకున్నా ఆమెకు అర్థం కాలేదు.

నరసమ్మ ఇంట్లో చాటలో చింతపండు వేసుకుని గింజలు తీస్తోంది. ఉయ్యాల్లో పిల్ల కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంది. నలభై రోజుల పిల్ల అప్పుడే పుట్టిన పిల్ల కంటే చిన్నగా ఉంది. చేతులు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. నడినెత్తి గుంటపడింది. సుంకులమ్మ ఎత్తుకుంటే బరువే తెలియలేదు. పిల్ల ఆమె మొహంలోకి చూసింది. పెద్దవాళ్ళు చూసినట్టు, అన్నీ తెలిసి ఊరుకున్నట్టు చూసింది.

"పాలు ఎప్పుడిచ్చినావు నరసా?"

నరసమ్మ ఆలోచించింది. "నిన్న ఇచ్చినట్టుండాది" అన్నది. గింజలు తీయడం ఆపలేదు.

సుంకులమ్మ కాగితం తీసి చదువుకుంది. ఎవరో తనకిచ్చిన సరుకుల జాబితాలా ఉంది అది. అయినా జాబితా ఇచ్చాక సరుకులు తేవాలి కదా. చెల్లెలి చేత పిల్లకు పాలు పట్టించింది. నాలుగు గుక్కలు తాగి పిల్ల అలిసిపోయింది. తర్వాత పిల్లను ఎత్తుకుని బస్సులు ఆగే టీకొట్టు దగ్గరికి వెళ్ళింది. నరసమ్మ ఎక్కడికని కూడా అడగలేదు.

బస్సు వచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. తర్వాతది ఎక్కుదాంలే అనుకుంది సుంకులమ్మ. ఇంకొకటి వచ్చి వెళ్ళింది. ఇంకొకటి. ఒడిలో పిల్ల ఊపిరి తీస్తున్నప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. అది చూస్తూనే ఉంది, చూసి ఊరుకుంటూనే ఉంది. విశ్వంభర్ ఫోను చేశాడు. చెప్పవలసిందంతా నోటి చివరి దాకా వచ్చింది. "అంతా బాగుంది సార్" అని తన గొంతు అనడం ఆమెకు వినిపించింది. అతను సంతోషించి, ఇంకో పదకొండు మండలాల్లో టవర్లు పెట్టడానికి అనుమతి వచ్చిందని చెప్పాడు.

అదే సమయానికి ఆమె మరిది, నరసమ్మ మొగుడు పెన్నోబులేసు మోటారు సైకిలు మీద వచ్చాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్ అతను. భుజాన తాడు, నడుముకు బెల్టు, చేతిలో కటింగ్ ప్లేయరు. పన్నెండున్నరకల్లా ఆ కొట్టు దగ్గర టీ తాగడం పదేళ్ళ అలవాటు. కన్నబిడ్డను వదినె ఒడిలో చూసి తలూపి టీ తెప్పించుకున్నాడు.

ఊరు ఊరంతా చాప చుట్టినట్టు పడి ఉంటే ఇతనొక్కడు వేళకు పనిలోకి వెళుతున్నాడన్న సంగతి సుంకులమ్మ గమనించింది. అలవాటుకు కోపంతో పనిలేదు కాబోలు.

"ఓబులేసూ, గుట్ట మీద టవరు ఆపగలవా?"

"నేనెవర్ని వదినా ఆపేకి? పైనుంచి ఆర్డరు రావాల."

సుంకులమ్మ మళ్ళీ కాగితం చూసుకుంది. "ఆ టవరు లైనులో చేయాల్సిన పనేమైనా మిగిలిపోయిందా?"

"ఎందుకు లేదు? మొదటి స్తంభానికి ఇన్సులేటరు పగిలి మూడు నెలలాయ. ఎవరూ అడగలేదు. నేనూ చేయలేదు."

"ఈరోజు చేస్తావా?"

"చేస్తే చేస్తా" అని ఓబులేసు గ్లాసు పెట్టి లేచాడు. సబ్‌స్టేషనుకు ఫోను చేసి, టవరు లైనుకు ఎల్సీ, అంటే కరెంటు ఆపే అనుమతి, అడిగి, వాళ్ళు చెప్పిన నంబరు చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. "లైను మీద పని చేయాలంటే ముందు ఎల్సీ తీసుకోవాల వదినా. తీసుకున్నోడే తిరిగియ్యాల. నేను ఇచ్చేదాకా బ్రహ్మదేవుడొచ్చి చెప్పినా ఆపరేటరు కరెంటు ఎక్కియ్యడు. ఎక్కిస్తే స్తంభం మీదోడు మాడి మసైపోతాడు గదా."

గుట్ట కింద అతను స్విచ్చు దించి, తాళం వేసి, తీగకు ఎర్త్ తగిలించి స్తంభం ఎక్కాడు. సుంకులమ్మ పిల్లతో తుమ్మచెట్టు నీడన కూర్చుంది. కరెంటు పోయినా బ్యాటరీల మీద టవరు రెండు గంటలు నడుస్తుంది. ఇన్సులేటరు మార్చడానికి అరగంట చాలు. పని అయిపోతే అతను ఎల్సీ తిరిగిచ్చేస్తాడు, ఇవ్వొద్దని తగువు పెట్టుకునే ఓపిక ఆమెలో లేదు. లెక్క తప్పిపోతోందని తెలుసు. తెలిసినా గుండె దడ లేదు.

అతను దిగగానే అడిగింది. "ఇంకేమైనా పాడైనాయా?"

"పక్క స్తంభానికి జంపరు తీగ వదులైంది. దాని పక్కదానికి కొమ్మలు తగులుతాండాయి. ఆ పైది ఒంగిపోయింది. పద్నాలుగు స్తంభాలుండాయి వదినా, ఒక్కటి సక్కంగ లేదు."

"అన్నీ చేసేయ్."

"సరే."

ఆ మండలాన్ని ఎన్నాళ్ళు గాలికొదిలేశారో ఆ స్తంభాలు చూస్తే తెలుస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా, ఓబులేసు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. ఐదో స్తంభం మీద ఉండగా ఆపరేటరు ఫోను చేశాడు. స్పీకరులో మాటలు కింద దాకా వినిపించాయి.

"ప్రయోగశాల నుంచి ఫోన్లు వస్తాండాయన్నా. లైను ఎక్కియ్యాలంట. ఎల్సీ ఇచ్చేయ్."

"ఇంకా తొమ్మిది స్తంభాలుండాయప్పా."

"అట్లనా? సరే కానీ" అన్నాడు ఆపరేటరు. అతనూ టవరు నీడలో ఉన్నవాడే, తగువేముంది.

ఏడో స్తంభం దగ్గర పిల్ల కళ్ళు మూతపడటం మొదలైంది. సుంకులమ్మ కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

మూడింటికి టవరు ఆగిపోయింది. అది మోగుతోందని నాలుగు నెలలుగా ఎవరికీ తెలియదు. ఆగాకే తెలిసింది, అంతసేపూ చెవుల్లో ఏదో ఉండేదని.

మొదట స్తంభం మీది నుంచి ఓబులేసు కిందికి చూశాడు. పొద్దుటి నుంచి చూస్తున్న బిడ్డనే మళ్ళీ చూశాడు. అతని గొంతులోంచి వచ్చిన కేక మనిషిది కాదనిపించింది. అప్పటికి సుంకులమ్మ లోపల కూడా గోడ కూలింది. వరండాలో ముసలమ్మ, దుమ్ముపట్టిన బిందెలు, వెళ్ళిపోయిన మూడు బస్సులు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. పిల్లను గుండెకు అదుముకుని పరుగెత్తింది.

ఊళ్ళో ఇంటింటా పసిపిల్లలు ఏడుస్తున్నారు. ఆ ఏడుపుల మీద తల్లుల ఏడుపులు. ఆరోగ్య కేంద్రం తలుపులు ఎవరో బద్దలు కొడుతున్న చప్పుడు. వన్నూరమ్మ బిందె నడుముకెత్తుకుని పెద్దరోడ్డు వైపు నడుస్తోంది. ఆమె వెనక వరసంతా లేచింది.

నరసమ్మ ఎదురు పరుగెత్తుకొచ్చింది. పిల్లను లాక్కుంది. పిల్ల నోరు తెరిచింది, మొహం ముడుచుకుంది, పిడికిళ్ళు బిగిశాయి. గొంతులోంచి శబ్దం మాత్రం రాలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో శక్తి మిగల్లేదు.

"దీన్ని ఏం చేసినావక్కా? ఏం చేసినావు మమ్మల్ని?" అని నరసమ్మ అక్క చెంప మీద కొట్టింది. ఇంకో చెంప మీద కూడా కొట్టింది. "ఆ టవరును నాయన పోయిన ఊర్లోనే పెడితివి కదే!"

సుంకులమ్మ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "ముందు ఆసుపత్రికి పోదాం పా" అన్నది.

ఓబులేసు బండి తెచ్చాడు. నలుగురూ దాని మీదే బయలుదేరారు. పెద్దరోడ్డు మీద అప్పటికే బిందెలు అడ్డంగా పరిచారు. బస్సులు, లారీలు ఆగిపోయాయి. పిల్లను చూడగానే వన్నూరమ్మ తన బిందె పక్కకు తీసింది. మిగతావాళ్ళు కూడా తీశారు. బండి దాటాక మళ్ళీ వరస మూసుకుపోయింది.

వంతెన మీద ఓబులేసు ఫోను మోగింది. "అన్నా, నేను బతిమాలతాండా, ఎల్సీ..." అంటున్నాడు ఆపరేటరు. అతని గొంతు కూడా ఇప్పుడు వణుకుతోంది.

"నా జోబులో ఉండాది. ఇయ్యను. నా బిడ్డ గొంతు వినేదాకా ఇయ్యను, ఆ తర్వాత కూడా ఇయ్యను" అని ఓబులేసు ఫోను ఆపేశాడు.

ఆ వెనకే సుంకులమ్మ ఫోను. విశ్వంభర్ ఆయాసపడుతున్నాడు. "పటం మొత్తం ఎర్రబడిందమ్మా! అక్కడేం జరుగుతోంది? రెండు వ్యాన్ల పోలీసులను పంపమన్నాను."

పాతికేళ్ళ కిందట కూడా ఇలాగే ఎవరో ఎవరికో చెప్పి ఉంటారు. సుంకులమ్మకు ఒళ్ళంతా మంటలెత్తింది. "పోలీసులను వెనక్కి పిలవండి సార్. డాక్టర్లను పంపండి. నీళ్ళు పంపండి. వాళ్ళు అడుగుతున్నది అదే, పాతికేళ్ళుగా అదే" అని అరిచింది. అవతల అతను ఇంకేదో అంటున్నాడు. "మీరు వినడం లేదు సార్. రేపు పేపర్ల వాళ్ళకు నేనే చెబుతాను, ఆ టవరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో. నా పేరుతో మొదలుపెట్టి చెబుతాను."

ఎదురుగా వ్యాన్లు దుమ్ము రేపుకుంటూ గుండ్రాళ్ళ వైపు వెళ్ళాయి. ఆమె వెనక్కి తిరిగి అవి కనుమరుగయ్యేదాకా చూసింది. అక్కడ బిందెల మధ్య కూర్చున్నవాళ్ళలో ఎవరి పిల్లలు ఈ సాయంత్రం తండ్రి కోసం చూస్తారో ఆమెకు తెలియదు. తెలియకపోవడమే ఆమెకు శిక్ష.

పట్నం ఆసుపత్రిలో పిల్లల వార్డు డాక్టరు పిల్లను చూడగానే మాటలు మానేసి పని మొదలుపెట్టాడు. నరాలు దొరకడం లేదు. ఒక చెయ్యి చూశారు, ఇంకో చెయ్యి చూశారు, చివరికి పాదం దగ్గర దొరికింది. సెలైను ఎక్కుతోంది. బొట్టు బొట్టుగా దిగుతున్న ఆ నీళ్ళను నరసమ్మ రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంది. గోడ గడియారంలో ఐదు దాటింది, ఐదున్నర దాటింది. తలుపు దగ్గర నిలబడ్డ సుంకులమ్మను లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

ఆరు కావస్తుండగా పరీక్ష కోసం రక్తం తీయడానికి నర్సు వచ్చి పిల్ల మడమలో సూది గుచ్చింది.

పిల్ల ఏడ్చింది.

మొదట పిల్లికూన మూలిగినట్టు, తర్వాత కొంచెం గట్టిగా, తర్వాత వార్డులో అందరూ తలతిప్పి చూసేంత గట్టిగా. మొహం కందగడ్డలా చేసుకుని, నలభై రోజులదీ కలిపి ఏడ్చింది. ఓబులేసు గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఊరుకో తల్లీ, ఊరుకో, అయిపోయింది" అని నర్సు పిల్లను జోకొట్టబోయింది.

నరసమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "ఊరుకోబెట్టద్దమ్మా. ఏడ్వనీ" అన్నది.

పిల్ల ఏడుస్తూనే ఉంది. పాలకోసమని డాక్టరు చెబితే నరసమ్మ ఒడిలోకి తీసుకుంది. పిల్ల ఆబగా తాగడం మొదలుపెట్టాక నరసమ్మ తలెత్తి తలుపు వైపు చూసింది. అంత కోపం సుంకులమ్మ ఏ పట్టీలోనూ కొలవలేదు.

"నిన్ను అడగాల్సింది చానా ఉంది. ఊర్లో అందరూ అడుగుతారు. యాడికీ పోవద్దు."

"పోను" అని చెప్పి సుంకులమ్మ అక్కడే, గడప బయట నేల మీద కూర్చుంది.